సొరబుర్రలో చేదు

మొదటి దెబ్బకే కిడేగా పళ్లు రెండు ఊడి దుమ్ములో పడ్డాయి. రెండో దెబ్బకు మోకాలి చిప్ప పగిలింది. ఆ చప్పుడు అందరికీ వినిపించింది.

ఎవరి మేకో ఎవరి నువ్వుచేలోనో పడింది. అంతే. ఆ తగువులో కిడేగా చేతిలో పార ఉంది, కడుపులో సారా ఉంది. న్యేకో తల రెండుగా చీలింది. ఇప్పుడా తల తండ్రి ఓచాయా ఒళ్లో ఉంది.

కొడుతున్నవాడు ఓజారా, న్యేకోకి అన్న. కర్ర విరిగిపోతే బల్లెం అందుకున్నాడు.

"ఓజారా, ఓజారా! ఆగరా!" లామునూ అవ్వ అడ్డం పడింది. అందరూ ఒక్కసారి పిలిచే ఆ పేరును ఆమె వాడి చిన్నప్పటినుంచీ రెండుసార్లు పిలుస్తుంది.

"తప్పుకో అవ్వా, నీకూ తగులుద్ది!"

"చంపొద్దులే," అన్నాడో పెద్దమనిషి. "జైలుకి పంపుదాం. ఇరవై ఏళ్లు కుళ్లి చస్తాడు."

"వాడు కుళ్లితే ఓచాయా పొలం ఎవడు దున్నుతాడు?" అవ్వ కసిరింది. "వాడి పశువులు తోలించండి. వాడిచేత చాకిరీ చేయించండి. ఆనక రెండిళ్లవాళ్లూ మోకాళ్లమీద కూచుని ఒకే సొరబుర్రలో చేదువేరు రసం తాగండి. తాగాక ఆ చావు మాట ఇంకెవరూ ఎత్తకూడదు. మన అచోలీ తెగ తాతలు జైళ్లు కట్టారా?"

ఓజారా ఉమ్మేశాడు. "మా నాన్న ఏటా నీ ఇంటికి గడ్డి కప్పుతుంటే, నువ్వు మాకిచ్చే బదులిదా? నీ కొడుకునెవడైనా చంపుంటే తెలిసేది!"

"చంపారు."

ముసలివాళ్లంతా నేల చూశారు.

"ఎవడు? జైలుకెళ్లాడా?"

"లేదు. నాతో చేదు తాగాడు."

"పేరు చెప్పు. వీడయ్యాక వాడి కడుపులోనూ దింపుతా."

అవ్వ పెదవులు బిగించింది. చేదు తాగినవాళ్లు ఆ పేరు చెప్పకూడదు.

"అంతా అబద్ధం! ముసల్దానికి మతి పోయింది." బల్లెం మొన కిడేగా గొంతులో దిగబడబోయింది. చర్మం తెగి, నెత్తురు ఛాతీమీదికి కారింది.

ఓచాయా తన చిన్నకొడుకు తలను మెల్లగా నేలమీద ఆనించి లేచాడు. వచ్చి, ఆ మొనను పట్టి లాగి తన కడుపుకు పెట్టుకున్నాడు.

"దింపరా. ఆవిడ కొడుకుని చంపింది నేనే, వాడి పేరే నీకు పెట్టుకున్నా."