అడుగున ఉంచిన ముద్ద

తాను మామా అని పిలిచే యజమానురాలి కుటుంబం ఊరెళ్లడంతో, కువైట్‌లో జాబ్రియాలోని ఆ పెద్ద ఇంట్లో ఆ రాత్రి వంటమనిషి వెంకటేశ్వరి ఒక్కతే ఉంది. తనకిష్టమైన ఉలవచారు కాచుకుని, కడుపునిండా తిని, గిన్నె అడుగున ఒక ముద్ద అన్నం వదిలి మూతపెట్టింది. కువైట్ వచ్చి ఆరేళ్లయినా ఆ అలవాటు పోలేదు.

"అడుగు గీకొద్దు మ్మే," అనేది రాయచోటిలో అవ్వ. "కరువులో గంజి కోసం వరసలో కూచోని, అట్లనే పాణం ఇడిసినోళ్లుండారు. వాళ్లకుండనీ."

పక్కగదిలో దీపం ఆర్పి పడుకుందో లేదో, వంటింట్లో మూత కదిలింది. తర్వాత గిన్నెను వేళ్లతో తుడుస్తున్న చప్పుడు, నెమ్మదిగా, చుట్టూరా.

వెంకటేశ్వరికి భయం వేయలేదు. ఇంత దూరం వచ్చి తిన్నారు కదా అని మనసు నిండిపోయింది.

"ఇంకా కావల్నా?" అంది చీకట్లోకి, ఆప్యాయంగా.

చప్పుడు ఆగింది. వంటింటి గచ్చు మీద ఎవరో ఖాళీ గిన్నె పెట్టారు. దాని పక్కన ఇంకొకటి. అలా ఒక్కొక్కటే హాలు దాటి, మెట్లు దిగి, వీధి గేటు దాకా వరస సాగింది.

"కూచోండి, వండుతా," అంటూ ఆమె నవ్వుకుని లేచింది. బియ్యం బస్తా నిన్ననే వచ్చింది, నిండుగా ఉంది.

పొయ్యి వెలిగించేసరికి, గేటు అవతల గిన్నెలు పెడుతున్న చప్పుడు ఇంకా దూరం పోతూనే ఉంది.