కోడెక్ లేని వాల్ట్జ్

మా త్లహియాకో ఊరు మొత్తంలో అబద్ధమాడని ముసలివాణ్ణి నేనొక్కణ్ణే. కాబట్టి ఇది నమ్మి తీరాలి.

వేడుకల వీడియోలు కూర్చే ఎవెన్సియోకి, వాటిని తెచ్చేవాళ్లంటే మహా చులకన. ఆ రాత్రి దుకాణం మూసే వేళకు యాత్సిరి పెన్‌డ్రైవ్ తెచ్చింది. తన పదిహేనో పుట్టినరోజున తండ్రితో ఆడిన వాల్ట్జ్ నాట్యం అందులో ఉంది. తెల్లవారితే ఆయన సంవత్సరీకం. ప్రార్థన అయ్యాక బంధువులకు చూపించాలి. ఆయన కదిలే బొమ్మ ఇంకొకటి లేదు.

"బొమ్మని విప్పి చూపే ప్రోగ్రాం, కోడెక్, లేదంటోంది కంప్యూటర్. ఏ గాడిద తీశాడే ఇది?"

"మా బాబాయి తీశాడు, డాన్ ఎవెన్సియో" అంది యాత్సిరి, పెద్దల పేరు ముందు మర్యాదకి చేర్చే 'డాన్' మరవకుండా.

"కెమెరా కొనే తెలివుంది గానీ వాడే తెలివి లేదు. పొద్దున రా, పో."

ఆమె వెళ్లాక ఫైలు తెరిచాడు. వాల్ట్జ్ సంగీతం వినిపించింది, తెర మాత్రం నలుపు. ఆ నలుపులో యాత్సిరి తండ్రి ఒక్కడే, ఖాళీ చేతులు చాచి తిరుగుతున్నాడు.

"చెత్త ఫైలు, చెత్త మనుషులు" అని ఈసడించి కోడెక్ ఎక్కించాడు. హాలు కనిపించింది, చుట్టాలు కనిపించారు. గులాబి గౌనులో యాత్సిరి ఒక్కతే ఆడుతోంది. నడుము దగ్గర గౌను, ఎవరో చెయ్యి వేసినట్టు నొక్కుకుపోయి ఉంది.

కోడెక్ తీసేశాడు. ఆయన వచ్చాడు, కూతురు పోయింది. మళ్లీ ఎక్కించాడు. కూతురు వచ్చింది, ఆయన పోయాడు.

తెల్లవారుతుండగా తలుపు చప్పుడైంది.

"డాన్ ఎవెన్సియో, మా నాన్న బాగా కనిపిస్తున్నాడా?"

ఎవెన్సియో నోటికి వెటకారం రాలేదు. లేచి తన కుర్చీ ఆమె వైపు జరిపాడు.

సరే, సంగీతం వినిపించిందన్నానే, అది నేను అల్లింది. ఆ ఫైలులో చప్పుడే లేదు. అయినా ఆయన అడుగు ఒక్కటీ తాళం తప్పలేదు.