విగ్గుల కొట్టు ముందు బెంచీ

"నా కొట్టు ముందు బెంచీ ఎవరు పీకించారు?"

చేపల కోసం వరసలో నిలబడ్డవాళ్ళంతా వెనక్కి తిరిగారు. అమెరికాలోని మిల్వాకీలో శుక్రవారమంటే ఊరంతా వేయించిన చేపలు తినే రోజు. ఆ మధ్యాహ్నం చేపలు వేయించేవాడితో తగువు పెట్టుకునే తీరిక ఎవరికీ ఉండదు. వెర్నీస్ మాత్రం తన విగ్గుల కొట్టుకి తాళం వేసి మరీ వచ్చింది.

రాస్కో పెట్వే తలెత్తలేదు. వేగిన చేపని నూనెలోంచి తీసి కాగితం మీద వేశాడు.

"వీధి బోర్డు తీయించింది."

"బోర్డంటే ఎవరు? దాని అధ్యక్షులు తమరేగా."

"సరే, నేనే తీయించాననుకో."

"ఈ వీధిలో ఇల్లో కొట్టో ఉన్న ప్రతివాళ్ళం ఇంటిపన్నుతో పాటు మీ బోర్డుకీ కడుతున్నాం. ఎందుకు? వీధి ఊడ్పిస్తారని, దీపాలు పెడతారని, మంచు ఎత్తిస్తారని. మా డబ్బుతో వేసిన బెంచీని మాకో మాటైనా చెప్పకుండా పీక్కుపోతారా? దానిమీద రోజూ మా నాన్న కూర్చుంటాడని మీకు తెలీదూ?"

"తెలుసు."

"తెలిసే తీయించారా?"

రాస్కో చేతులు తుడుచుకున్నాడు. "కారణం ఉంది వెర్నీస్. ఇంకేం అడక్కు. రెండు చేపలు కట్టివ్వనా, ఇంటికి పట్టుకెళ్తావు?"

దాంతో ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

"మీ చేపలు మీరే తినండి. ఆ బెంచీని పీకినట్టే మీ బోర్డునీ పీకించకపోతే నన్నడగండి."

ఆ రోజునుంచి ఆమె తండ్రి ఓథా కొట్టు పైనున్న మేడ దిగలేదు. అంతకుముందు రోజూ పొద్దున్నే ఆమే చెయ్యి పట్టుకుని దింపి, బెంచీ మీద కూర్చోబెట్టి, ఆ తర్వాతే కొట్టు తలుపులు తీసేది. వచ్చేపోయేవాళ్ళ పలకరింపులే ఆయనకి మందూమాకూ అని ఆమె నమ్మకం.

"కుర్చీ వేస్తాను, రా నాన్నా."

"కుర్చీలో నడుం పట్టేస్తుందే. బెంచీ లేదుగా, పోనీలే," అని ఆయన కిటికీ దగ్గరే ఉండిపోయాడు.

కిటికీలో ఆ తెల్లజుట్టు కనబడినప్పుడల్లా వెర్నీస్ పళ్ళు కొరికేది.

వీధిలోని ఆస్తుల విలువలో సగానికి మించి చేతిలో ఉన్న ఆసాములు వద్దంటే చాలు, బోర్డుని రద్దు చేయమని నగరసభని అడగొచ్చు. ఆ చలికాలమంతా ఆమె బూట్లలోకి మంచు దిగుతున్నా తలుపు తలుపూ తట్టింది. బట్టలుతికే కొట్టువాడితో, "ఎత్తిన మంచంతా నీ గుమ్మం పక్కనే పోశారు కదూ?" అంది. పక్కింటి స్టోక్స్ అమ్మగారితో, "దీపస్తంభానికి పూలబుట్ట కట్టారు, దాని నీళ్ళన్నీ మీ నెత్తినేగా?" అంది. ఎక్కడ నొప్పి ఉందో చూసి అక్కడే నొక్కింది. కొందరు అర్జీ మీద సంతకం పెట్టారు. కొందరు మొహంమీదే తలుపేశారు.

చివరికి ఈ వీధిలోనే మూతబడిన చెప్పుల ఫ్యాక్టరీ ఆసామిని ఊరవతల అతనింట్లో పట్టుకుంది. ఆ మనిషి ఈ వీధి మొహం చూసి ఎన్నాళ్ళయిందో. "కట్టక్కర్లేదంటే ఇక చదవడం దేనికి?" అంటూ సంతకం గీకేశాడు. ఫ్యాక్టరీ విలువ ముందు చిన్న చిన్న కొట్లన్నీ కలిపినా దిగదుడుపే. దాంతో ముల్లు ఆమె వైపు మొగ్గింది.

నగరసభ విచారణలో సభ్యురాలొకామె రాస్కోని నిలబెట్టి అడిగింది. "గొడవంతా ఆ బెంచీ దగ్గరే మొదలైందంటున్నారు. ఎందుకు తీయించారు?"

రాస్కో టోపీని చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాడు. ఒకసారి వెర్నీస్ వైపు చూశాడు.

"చెప్పడానికేం లేదమ్మా."

"చెబితే మీ బోర్డు నిలబడొచ్చు."

"తెలుసండి."

అతను వెళ్ళి తన చోట కూర్చున్నాడు. బోర్డు రద్దయింది.

బయట మెట్ల మీద వెర్నీస్ కావాలనే అతని పక్కన ఆగింది. "ఇక చేపలు వేయించుకోడానికి బోలెడంత తీరిక, పెట్వే గారూ."

అతను టోపీ పెట్టుకున్నాడు. "మీ నాన్నని అడిగానని చెప్పు," అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆ నెమ్మది చూసి ఆమెకి గెలిచిన రుచి కాస్త తగ్గింది.

ఆ వసంతంలో దీపస్తంభాలకి పూలబుట్టలు కట్టలేదు. వీధి ఊడ్చే రెనీటా తన బండి అప్పగించి వెళ్ళిపోతూ విగ్గుల కొట్టు వైపు కన్నెత్తైనా చూడలేదు. పేవ్‌మెంటు మీద కాగితాలు ఎగురుతున్నాయి. ఎగరనీ అనుకుంది వెర్నీస్. మేడ మీదికి వెళ్ళి తండ్రి పక్కన చేరి, కిటికీ తెర పూర్తిగా తొలగించింది.

"చూడు నాన్నా. నీ బెంచీ పీకినవాడికి కుర్చీ లేకుండా చేశాను."

ఓథా వీధిలోకి చూశాడు. కింద ఎవరో చెయ్యి ఊపారు. ఆయనా నవ్వి చెయ్యి ఊపాడు.

"అంతమందిలో అడిగినా వాడేం చెప్పలేదా?"

"రాస్కోనా? నోరు విప్పితేగా. చెప్పుకోడానికి వాడి దగ్గర ఏముందని?"

"మాట తప్పలేదన్నమాట," అన్నాడు ఆయన, కింద చెయ్యి ఊపిన మనిషినే ఇంకా చూస్తూ. "ఆ బెంచీ తీయించెయ్యమని వాణ్ణి బతిమాలింది నేనే తల్లీ... పలకరించేవాళ్ళలో ఎవరు ఎవరో నాకు ఆనవాలు తెలియట్లేదని నువ్వు కనిపెట్టకూడదని."