పొంతన లేని బొంత

"అమ్మీ, గిదేం బొంత? పొంతనే లేదు!"

తస్లీమ్ నవ్వు ఆపుకోలేక మంచం అంచున కూలబడింది. ఎనిమిదో నెల కడుపు కూడా ఆమెతోపాటు ఊగింది.

అత్త షాహెదా నవ్వలేదు.

మంచం మీద బొంత పైపొర పరిచి ఉంది. ఎదురింటి అనంతమ్మ పోతూ పోతూ ఇచ్చిపోయినది.

"చిలకపచ్చ పక్కన వంకాయ రంగు! దాని పక్కన గులాబి! కండ్లున్నోళ్ళు కుడతరా గిట్ల?"

"ఆమెకు కండ్లు కనవడకుండె బేటీ."

"ఆగు, ఫోటో తీసి స్టేటస్ పెడత."

"వద్దు!"

షాహెదా అరుపుకు ఫోను తస్లీమ్ చేతిలోంచి జారింది.

అరవక ఏం చేస్తుంది? ఆ రంగుల్లో ఆమె గుట్టు ఉంది.

వనపర్తిలో షాహెదా పేరున్న టైలరు. రెండేళ్ల నుంచి షుగరు ఆమె కళ్ల మీద పడింది. మసక. రంగులన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి చారునీళ్లయ్యాయి. అలవాటు మీద మిషను నడుస్తోంది కానీ చూపు మీద కాదు.

ఇంట్లో చెప్పలేదు. చెబితే కొడుకు ఆసిఫ్ మిషనుకు ముసుగేస్తాడు. కుట్టడం మానుకోమంటే షాహెదాకు ఒళ్లంతా తేళ్లు కుట్టినట్టే.

అనంతమ్మది గద్వాల. మగ్గం నేసిన చేతులు. ఏడాదిన్నర కిందట కొడుకు రాజ్‌కుమార్ వెంట ఎదురింట్లో దిగింది. దిగిన నాడే షాహెదా దుకాణం మెట్టెక్కింది.

"చెల్లె, కౌది కుడుతున్న. ముక్కలుంటే ఇయ్యి."

"ఖైదీకా? ఖైదీలకు జైలోళ్ళే ఇస్తరు గదక్కా బట్టలు!"

"ఖైదీ కాదే పిల్లా, కౌది! మీరు బొంత అంటరే, గది. మా పుట్టిల్లు రాయచూరు దిక్కు. ఆడ గట్లనే అంటం."

ఆనాటి నుంచి షాహెదా నోట్లో ఆమె 'ఖైదక్క' అయింది.

ఖైదక్క రోజూ మధ్యాహ్నం వచ్చేది. కత్తిరింపుల సంచి ముందేసుకుని, ఒక్కో ముక్క ఎత్తి చూపించేది.

"గిదేం రంగు చెల్లె?"

షాహెదాకు తెలిస్తే కదా! అయినా తడుముకోకుండా చెప్పేది. తడుముకుంటే దొరికిపోతుంది మరి.

"ఎర్రది."

"ఔనా? మరి గిది?"

"నీలం."

"సరే తియ్యి."

పాపం, ఈమెకు నాకన్నా ఎక్కువ మసక, అనుకునేది షాహెదా. జాలిపడేది. లోలోపల జర సంబరపడేది కూడా. గుడ్డల ముందు ఇద్దరు గుడ్డివాళ్లు, అందులో తానే నయం!

పోయిన నెల దవాఖానకు పోయే ముందు అనంతమ్మ ఈ పైపొర తెచ్చి షాహెదా ఒళ్లో పెట్టింది.

"పైపొర అయింది. కింద పాత చీరలు ఏసి నువ్వు కుట్టు. నీ కోడలి బిడ్డ పండుకోవాలె. మిషన్ మీద గాదు, చేత్తోని."

"చేత్తోనా? నాతోని కాదక్కా."

"అయితది. కౌదికి చూపెందుకే? చూపుడువేలు చాలు."

తన సంగతే చెప్పుకుంటోంది పాపం, అనుకుంది షాహెదా.

అనంతమ్మ మళ్లీ ఇంటికి రాలేదు.

ఇప్పుడు ఈ బొంత నిండా ఉన్నవి షాహెదా బొంకులే. నీలమన్నది వంకాయ రంగు, ఎర్రదన్నది పచ్చ.

"ఇప్పి మళ్ళ కుడదమా అమ్మీ? రంగులు నేను కలిపిస్త."

షాహెదా కత్తెర అందుకుంది. ఒక అతుకు మీద పెట్టింది. చెయ్యి రాలేదు.

కత్తెర అక్కడే వదిలేసి ఎదురింటికి నడిచింది. ఏం జరుగుతోందో అర్థంకాక తస్లీమ్ వెనకాలే వచ్చింది.

"రాజ్‌కుమార్, తప్పయింది బేటా. మీ అమ్మకు రంగులన్ని ఉల్టా చెప్పిన. నాకే కండ్లు కనవడ్తలేవు. ఆమెకు గూడ కనవడవు గదా, ఎట్ల పట్టుకుంటదిలే అనుకున్న."

"అమ్మీ!" తస్లీమ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

రాజ్‌కుమార్ వింతగా చూశాడు. "మా అమ్మ కండ్లకేమైంది చిన్నమ్మా?"

"కనవడవు గదా?"

"ఎవరు చెప్పిన్రు? దవాఖానకు పోయిన రోజు గూడ బియ్యంల రాళ్ళు ఏరి పెట్టింది. గీ గడప మీద కూసోని మీ దుకాణం బోర్డు సదివేది."

షాహెదా వంగి ఆ గడపను తడిమింది.

"ఆగు. నువ్వు బొంత మొదలువెట్టినప్పుడు ఇయ్యమన్నది ఒకటుంది."

లోపలికి పోయి బిస్కెట్ల డబ్బా తెచ్చాడు. తస్లీమ్ మూత తీసింది.

సూదులు. పాత గుడ్డకు వరుసగా గుచ్చిన సూదులు. అన్నిటికీ దారం ఎక్కించి ఉంది. చివర ముడి కూడా వేసి ఉంది.

ఇంటికొచ్చి షాహెదా మంచం పక్కన కూర్చుంది. కళ్లు మూసుకుని చూపుడువేలు బొంత మీద పెట్టింది.

పట్టు. నూలు. పట్టు. నూలు. ఈ కొస నుంచి ఆ కొసదాకా ఒక్కటి తప్పలేదు. వరుసకూ వరుసకూ మధ్య లావుపాటి దారం గట్టులా వేలికి తగులుతోంది. అది దారం కాదు, దారి.

"అమ్మీ, ఆసిఫ్‌కు నేను చెప్త. కండ్ల దవాఖానకు పోదం. మిషన్ జోలికొస్తే మాత్రం నేను ఊకోను." తస్లీమ్ కూడా బొంత మీద వేలు పెట్టి చూసింది. "గిదంతా ఆమె కావాలనే కుట్టిందా?"

"గిది కుట్టు గాదు బేటీ, కుట్ర."

షాహెదా డబ్బాలోంచి మొదటి సూది తీసుకుంది.

ఖైదక్క రోజూ రంగు అడిగింది తనకు కనపడక కాదు, చెల్లెను కనిపెట్టుకోవడానికి.