తగ్గిందన్న కబురు

హాస్టల్లో వండే అక్కకు టీబీ అని పక్కింటావిడ ఎంతో జాలిపడుతూ వీధివీధికీ చెప్పిందట. ఆవిడకేమీ కలలో కనిపించలేదు. ఆస్పత్రి సిబ్బంది వాట్సాప్ గ్రూపులో పెట్టిన ఎక్స్‌రే ఫొటో, పేరుతో సహా, నాలుగు చేతులు మారి ఆవిడ ఫోనులో దిగింది. మర్నాడే వంటక్కను పనిలోంచి మానిపించారు.

మందుల కోర్సు పూర్తయ్యాక వంటక్క నేరుగా ఆస్పత్రి రికార్డుల గదికి వచ్చింది. ఆ ఫొటో పెట్టిన గుమాస్తా గౌరవంగా కుర్చీ చూపించాడు, కాస్త దూరంగా.

"అప్పుడేదో తెలియక జరిగిపోయిందక్కా. డాక్టరుగారు త్వరగా చూస్తారని గ్రూపులో పెట్టాను. అది అటూ ఇటూ పోయింది."

"పోనీలే తమ్ముడూ. ఇప్పుడు పూర్తిగా తగ్గిపోయిందని డాక్టరుగారు రాసిచ్చారు. ఈ కాగితం కూడా ఆ గ్రూపులోనే పెట్టు."

"హాస్టల్లో చూపిస్తే సరిపోతుంది కదక్కా?"

"చూపించాను. వార్డెనమ్మ ముక్కుకు కొంగు అడ్డంపెట్టుకుని గుమ్మంలోంచే దండం పెట్టింది. కాగితం ముట్టుకోదట. ఫోనులో వస్తే మాత్రం ఏదైనా నమ్ముతుంది. నా గరిటె నాకు దక్కుతుంది, పెట్టు."

గుమాస్తా గొంతు సవరించుకుని గోడమీది బోర్డు చూపించాడు.

"రోగి వివరాలు అలా బయటపెట్టకూడదక్కా. పెద్ద నేరం. ఉద్యోగంలో చేరిన రోజే మాకందరికీ చెప్పి సంతకాలు పెట్టించుకున్నారు."

వంటక్క లేచి, కుర్చీని అతని బల్ల దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"అయితే తెలిసే పెట్టావన్నమాట."