ముందు బస్తా

చినబాబు ఒడ్డు నుంచి విసిరిన తాడు అందగానే నడుముకు చుట్టుకోబోయాను.

"నీకు కాదు బావా. ముందు బస్తాకి కట్టు."

కొండ మీద మిరియాలు కొని నర్సీపట్నం తిరిగొస్తుంటే గెడ్డ ఒక్కసారిగా పొంగింది. నా భార్య తమ్ముడు చినబాబు అప్పటికే దాటేశాడు. రెండు బస్తాలతో నేను నడిమధ్య బండ మీద చిక్కుకున్నాను. నీళ్లు మోకాళ్లు దాటాయి.

"ముందు నన్ను లాగరా, బేగి."

"నువ్వు గట్టెక్కేలోగా సరుకు కొట్టుకుపోద్ది. కట్టు."

నేను కట్టుకున్నా వాడు లాగడని అర్థమైంది. బతిమాలే సమయంలో ఒక బస్తా దాటుతుందని లెక్క వేసుకుని కట్టాను. అది ఒడ్డు చేరింది. తాడు మళ్లీ వచ్చేసరికి నీళ్లు నడుముకొచ్చాయి.

"రెండోది కట్టు."

"రేపు మీ అక్కకి ఏటి సెప్తావురా?"

"పోయినేడు నాను ఈ బండ మీదున్నప్పుడు నువ్వు సెప్పిందే సెప్తాను. మనిషైతే దేన్నైనా పట్టుకుంటాడు, బస్తా పట్టుకోలేదు అన్నావు కదేటి?"

అన్నాను. వాడికి ఈత రాదని తెలిసే అన్నాను.

మూడోసారి వచ్చిన తాడును చంకల కింద బిగించుకుని వరదలోకి దిగాను. రాళ్లకు కొట్టుకుంటూ ఒడ్డున పడ్డాను. నేను లేచి కూర్చునేసరికి చినబాబు బస్తాల మూతులు విప్పి లోపలి ప్లాస్టిక్ సంచులు తడిమి చూస్తున్నాడు.

"ఒక్క గింజ తడవలేదు బావా."

వాడి ముఖంలో కక్ష కోసం వెతికాను. ఉంటే బాగుండేది. వాడు నా మెప్పు కోసం చూస్తున్నాడు.