ఆరబెట్టే గది కిటికీ

"ఎవరు తెరిచారు?" అక్క మూడోసారి అడిగింది.

బల్ల మీద మూడు వందల పచ్చి మట్టి కప్పులు ఒక్కటి మిగలకుండా పగిలి ఉన్నాయి. ఆరబెట్టే గది కిటికీ నిన్నటి నుంచి తెరిచే ఉండిపోయింది. పచ్చి మట్టికి గాలి ఒక పక్కనే తగిలితే ఇక అంతే సంగతులు. ఆ కప్పులు ఆర్డరిచ్చిన హోటల్‌వాళ్ళు చూస్తే పది రోజుల్లో సరుకు కోసం వచ్చి కూర్చుంటారు.

ఆ కుండల షెడ్డు ఆరుగురిది. యజమాని లేడు. ఏటా తమలో ఒకరిని పెద్దగా ఎన్నుకుంటారు, నాలుగేళ్ళుగా అక్కనే ఎన్నుకుంటున్నారు. నిరుడు ఇలాగే సరుకు పోతే అక్క ఒక నియమం పెట్టింది. ఆ కిటికీ తెరిచినవాళ్ళు షెడ్డు వదిలి వెళ్ళాల్సిందే. అక్క మాటంటే మాటే. సొంత తమ్ముణ్ణి కూడా వరస తప్పించి పనిలో చేర్చుకోని మనిషి.

"నిన్న మా అమ్మాయికి నొప్పులని ఫోనొస్తే ఆ గదిలోనే కాలుగాలిన పిల్లిలా తిరిగాను. పాపం, అందరూ పనొదిలేసి నన్ను టాక్సీ ఎక్కించారు. మనవరాలు పుట్టిందన్న సంతోషం ఒక్క పూటైనా ఉండనిచ్చారా? నేనటు వెళ్ళగానే కిటికీ బార్లా తీస్తారా!" అని అరిచింది అక్క.

రంగులేసే అమ్మాయి లేచింది. "నేనే అక్కా. ఉక్కపోసింది."

"నువ్వా? ఆ గొళ్ళెం నీకందదే!"

"స్టూలేసుకున్నా."

"దాని మాటలు నమ్మకక్కా, నేను తీశాను" అన్నాడు బట్టీ కాల్చే ఆయన. "సిగరెట్ కోసం."

"నువ్వు మానేసి రెండేళ్ళయింది కదయ్యా!"

"నిన్న మళ్ళీ మొదలెట్టా."

ప్యాకింగ్ చేసే అన్నదమ్ములిద్దరూ ఒకేసారి చేతులెత్తారు. అక్కకు ఒళ్ళు మండింది.

"ఏంటీ వేళాకోళం? అందరూ కలిసి ఎవర్నో వెనకేసుకొస్తున్నారు. తాతా, నువ్వైనా నిజం చెప్పు."

చక్రం తిప్పే తాత మట్టి చేతులు తుడుచుకున్నాడు. ఆయనకు నిజంగానే భయంగా ఉంది.

"చెప్పను తల్లీ. ఆ మనిషి వెళ్ళిపోతే ఈ షెడ్డు నాలుగు రోజులు నిలవదు."

"అంత పనిమంతులా?"

"పనిదేముంది, నేర్చుకుంటే ఎవరికైనా వస్తుంది. ఆ మనిషి ఎదురుగా ఉంటే మాకు అబద్ధమాడబుద్ధి కాదు."

"మరి ఇప్పుడు ఆడుతున్నదేంటో!"

"ఇదొక్కటే. అయినా హడావిడిలో మూయడం మరిచింది మేమంతా. తప్పులో మాకూ వాటా ఉంది."

అక్క అందరి ముఖాలూ చూసింది. కోపం ఎటో పోయింది. తన చేతికింద ఇంత మంచి మనిషి ఉన్నారని తనకే తెలియనందుకు సిగ్గేసింది.

"ఒక్కరి కోసం ఐదుగురూ పోతామంటే నేనెవరితో పని చెయ్యను? ఈసారికి వదిలేస్తున్నా. ఆ కిటికీకి మేకులు కొట్టించండి. పదండి, మట్టి నానబెడదాం." గుమ్మం దగ్గర ఆగింది. "ఆ మనిషెవరో గానీ, తప్పు చేస్తే ఒప్పుకునే ధైర్యం ఉండాలని నా మాటగా చెప్పండి."

"అలాగే అక్కా" అన్నారు ఐదుగురూ తలలు వంచుకుని.

ఫోన్లో మాట్లాడుతూ కిటికీ తెరిచింది తనేనని అక్కకు తప్ప అందరికీ తెలుసు.